పన్నెండు బస్తాల కమాన్లు

నా జీపు ఒకసారి మొగుడంపల్లి వైపు దారిలో మూడు చక్రాలు గాలిలో పెట్టి ఒంటికాలి మీద నిలబడింది. ఈ ముచ్చట జహీరాబాద్ బస్టాండు పక్క హోటల్లో వంద మందికి చెప్పాను. వంద కాదు, ఇరవై మంది ఉంటారు. చివరిదాకా విన్నవాళ్లు ఐదుగురు. కాగితం మీద పెడుతున్నాను కాబట్టి ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తాను. లేచింది ఒక్క చక్రం, వెనక కుడివైపుది. లేచింది కూడా జానెడే. ఆ జానెడు నా ఎండాకాలాన్నంతా తినేసింది.

మాకు మొగుడంపల్లి దాటాక పదెకరాల చేను ఉంది. ఆరెకరాలు. అందులో నాలుగు కౌలుకిచ్చి మూడేళ్లయింది. మిగిలిన రెండెకరాల్లో అల్లం పెడతాం. పంట వచ్చాక వ్యాపారి ట్రాక్టరే చేను దాకా వచ్చి ఎత్తుకుపోతుంది. అంటే నా జీపుకు మోసే పనేమీ లేదు. మమ్మల్నిద్దరినీ తీసుకుపోవడం, తీసుకురావడం, అంతే. ఈ సంగతి ఇక్కడే ఎందుకు చెప్తున్నానంటే, చెప్పవలసిన చోట చెప్పలేదు. గొడవంతా అందువల్లే వచ్చింది.

చేనులో నా భార్య చేసే పని ఒకటుంది, అది ఇంకెవరికీ రాదు. వానలకు ముందు, నాటడానికి దాచిన అల్లాన్ని గుంతలోంచి తీసి కొట్టం నీడలో పోస్తారు. ఆమె చిన్న పీట వేసుకుని మధ్యలో కూర్చుంటుంది. చుట్టూ ఆడకూలీలు. ఒక్కొక్క గడ్డ చేతిలోకి తీసుకుని, మొలక కళ్లు చూసి, అనుమానం వస్తే విరిచి వాసన చూసి, ఇది విత్తనం, ఇది పారేసేది అని చెప్తుంది. ముప్పై ఏళ్లుగా ఆ పీట ఆమెదే. ఒక్క ఏడాది ఆమెకు ఆపరేషన్ అయి మంచం మీద ఉంటే నేను ఏరాను. ఆ ఏడు పావు వంతు మడులు కుళ్లిపోయాయి. సగం అని ఆమె అంటుంది. సగమే.

చేను దాకా ఆటోలు రావు. పెద్ద రోడ్డు దిగాక మొరం దారి, ఆ దారిలో రాళ్లు, చివర్లో ఒక గండి. వాన నీళ్లు ఆ గండిని దారికి అడ్డంగా కోసినా బాగుండేది, ఏటవాలుగా కోశాయి. దాటేటప్పుడు ముందు ఎడమ చక్రమూ వెనక కుడి చక్రమూ ఒకేసారి గుంత మీదికి వస్తాయి. చక్రం కిందికి జారి నేలను అందుకోవాలంటే పైన కమాన్లు వంగాలి. లీఫ్ స్ప్రింగులని కంపెనీ పుస్తకాల్లో రాసేవాటినే మా దగ్గర కమాన్లంటారు, ఇరుసుకూ బండికీ మధ్య విల్లులా వంచి పేర్చిన ఉక్కు పట్టీలు. అవి వంగకపోతే బండి మొత్తం ఒక పక్కకు ఒరుగుతుంది, ఒక చక్రం గాలిలో వేలాడుతుంది, ఆ తర్వాత దభీమని కింద పడుతుంది.

ఈ ఏడు ఎండలు ముదిరాక ఒకరోజు అలాగే పడింది. నా భార్యకు అప్పటికే నడుములో పూస జరిగి దవాఖాన చుట్టూ తిరుగుతున్నాం. ఒళ్లో టిఫిన్ డబ్బా పెట్టుకుని కూర్చుంది. డబ్బా మూత ఊడి పప్పుచారు చీర మీద పడింది. గండి అవతల బండి ఆపాను. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని ముందుకు వంగింది. ఏమైందని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

"డాక్టరు ఏమన్నడు?" అంది చివరికి.

"కుదుపులు వద్దన్నడు."

"గిదేంది మరి?"

"కుదుపే," అన్నాను.

"ఇను. విత్తనం ఏరే పొద్దు దాక చూస్త. గప్పటికి ఈ బండిని మనుషులు కూసునేటట్టు చేయించినవా, వస్త. లేకుంటే ఇగ ఈ చేను మొకం జూడ. నువ్వే ఏరుకో, నువ్వే పెట్టుకో."

ఆమె కోపంతో అని ఉంటే నాకు ఇంత దిగులు ఉండేది కాదు. కోపం సాయంత్రానికి పోతుంది. ఈ మాట చీర మీది పప్పు తుడుచుకుంటూ మామూలుగా అంది. విత్తనం ఏరే రోజుకు ఇరవై రోజులే ఉంది.

మరునాడు పొద్దున్నే మా బామ్మర్ది వచ్చాడు. మనిషి మంచివాడే. ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం, షిఫ్టు లేనప్పుడు ఫోను. కొండలెక్కే బండ్ల వీడియోలు చూసీ చూసీ, తానే పది కొండలెక్కినట్టు మాట్లాడతాడు. అబద్ధాలు పెంచడంలో మా ఇంట్లో నాకు పోటీ అతనొక్కడే.

"బావా, కమాన్లు తీసి కొత్తయి ఎయ్యాలె. బండి లేపాలె. షాకప్సర్లు పెద్దయి, గ్యాసుయి. గప్పుడు చూడు, గండి కాదు, గోడ ఎక్కుతది."

"గోడ ఎందుకురా ఎక్కుడు? మీ అక్క నడుము నొయ్యకుంటే సాలు."

"రెండూ ఒకటే బావా."

రెండూ ఒకటి కావని తెలుసుకోవడానికి నాకు పదిహేను రోజులు పట్టింది.

హైవే మీద, ముంబై లారీలు ఆగే చోట ఒక కమాన్ మేస్త్రి ఉన్నాడు. రేకుల షెడ్డు, బొగ్గుల కొలిమి, గోడవారన ఈతచాపల్లా పేర్చిన పాత పట్టీలు. ఆయనకు ఒక పద్ధతి ఉంది. బండి లోపలికి రాగానే, ఎంత బరువు వేస్తావని అడుగుతాడు. మెల్లగా అడగడు. అందరికీ వినపడేలా అడుగుతాడు, నువ్వూ అందరికీ వినపడేలా చెప్పాలి. చెప్పినదాన్ని సుద్దముక్కతో బండి వెనక తలుపు మీద రాస్తాడు. రేపు పట్టీ విరిగిందని నువ్వు తగాదాకు వస్తే ఆ రాతే సాక్ష్యం. బరువు విషయంలో ఆయన ఎవరితోనూ వాదించడు. నీ బండి బరువు నీ నోటి నుంచి రావాలి, దానికి తగ్గ పట్టీ ఆయన చేతి నుంచి వస్తుంది.

మేము వెళ్లేసరికి నలుగురైదుగురు డ్రైవర్లు నులక మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నారు. మాకన్నా ముందు చెరకు ట్రాలీ ఒకటి ఉంది. దాని యజమానిది రాయికోడ్ పక్క పల్లె. మేస్త్రి అడిగితే అతను కాలు మీద కాలేసుకుని, "ఎనిమిది టన్నులు," అన్నాడు. మంచం మీదివాళ్లు తలలూపారు. మేస్త్రి రాశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"పటేలా, నీకేం బరువు?"

ఇక్కడ ఆగి నా తరఫున ఒక మాట చెప్పుకోవాలి. మా వైపు పెద్ద ఆసామిని పిలిచినట్టు మనిషిని పటేలా అని పిలిచాక, ఆ మనిషి బండిలో ఏదో ఒకటి ఉండాలి. ముసలామె, టిఫిన్ డబ్బా అని చెప్పడానికి నోరు రాదు. పదేళ్ల కింద నేనూ ఇదే హైవే మీద అల్లం లారీలు నింపి పంపినవాణ్ణి. లారీలు కాదు, ఒక లారీ. అందులో సగం పక్క చేనువాళ్లది.

"పన్నెండు బస్తాలు," అన్నాను. "అల్లం. అరవై కిలోలయి."

అక్కడ ఆగినా బాగుండేది.

"పైన ఆరుగురు కూలోళ్లు."

బామ్మర్ది నా చెవి దగ్గర, "ఎప్పుడు బావా?" అన్నాడు. అతని కాలు తొక్కాను.

మేస్త్రి బండి కింద దూరాడు. కాసేపు అక్కడే పడుకున్నాడు. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ నా మొహం చూశాడు.

"పన్నెండా?"

"పన్నెండు."

"ఆరుగురా?"

"ఒక్కోపారి ఏడుగురు."

ఆయన ఇంకేమీ అడగలేదు. సుద్దముక్క తీసుకుని రాశాడు: పన్నెండు బస్తాలు, ఆరుగురు. ఏడో మనిషిని ఆయనే దయతలచి దించేశాడు.

రెండు రోజుల్లో బండి తయారైంది. పాత కమాన్లు విప్పేసి మందపాటి కొత్త పట్టీలు బిగించాడు. బండి బెత్తెడు పైకి లేచింది. చూడటానికి గంభీరంగా ఉంది. ఆ సుద్ద రాత తుడవడానికి నాకు మనసొప్పలేదు. అంతేకాదు, వెనక వచ్చేవాళ్లు చదువుకుంటారని మార్కెట్ రోడ్డు మీద రెండుసార్లు పని లేకుండా తిప్పాను. హైవే మీద బండి కదలకుండా పోయింది. నేను ఈల వేశాను.

మొరం దారిలో దిగగానే ఈల ఆగిపోయింది. చింతగింజంత రాయి ఎక్కినా వీపుకు తెలుస్తోంది. చక్రాలకూ సీటుకూ మధ్య ఇప్పుడు స్ప్రింగులు లేవు, రైలు పట్టాలున్నాయి. గండిలో వెనక కుడి చక్రం ఈసారి రెండడుగులు లేచింది. జానెడున్నర అనుకోండి. బామ్మర్ది దిగి వంగి చూశాడు. పట్టీ వెంట్రుకవాసి కూడా వంగలేదు. బరువు పడితే కదా వంగడానికి. పన్నెండు బస్తాల కోసం కట్టిన కమాన్ల మీద ఇద్దరు మగవాళ్లు కూర్చుంటే వాటికి మేము వచ్చినట్టు కూడా తెలియదు.

ఈ సంగతి నాకు అప్పుడే తెలుసు. ఒప్పుకోలేదు. తప్పు ఇంకెక్కడుందో వెతకడం మొదలుపెట్టాం.

టైర్లలో గాలి ఎక్కువైందని బామ్మర్ది అన్నాడు. తీశాం. స్టీరింగ్ బరువెక్కి నా భుజాలు పట్టేశాయి. సీటుది తప్పన్నాడు. పరుపుల దుకాణంలో స్పాంజి కోయించి వేశాం. దాంతో నా తల పైన టాపుకు తగిలింది. చివరికి షాకప్సర్లది తప్పన్నాడు. తను ఫోనులో చూసి తెప్పించిన గ్యాస్ షాకప్సర్లు, ఒక్కోటి చెయ్యంత పొడుగు, వాటిని బిగించాం. కమాన్లు ఊగుతుంటే ఆ ఊపును ఆపడం షాకప్సర్ పని. ఊగని కమాన్ దగ్గర దానికి పనేముంటుంది? గట్టి కమాన్లకు గట్టి షాకప్సర్లు తోడయ్యాయి, అంతే. ఇంటి ముందు మోరీ మీద బండి ఎక్కితే నా కట్టుడు పళ్లు టకటకమన్నాయి.

"సెట్ అయితది బావా. కొత్తయి గదా, జర టైము ఇయ్యాలె. ఫికర్ జెయ్యకు."

ఫికర్ జెయ్యకు అని అతను అన్న ప్రతిసారీ నాకు కొత్త ఫికర్ ఒకటి వచ్చింది.

విత్తనం ఏరడానికి ఇంకా ఐదు రోజులున్నాయనగా నా భార్య, "తియ్యి, చూద్దాం," అని తనే బండెక్కింది. ఎక్కడానికే స్టూలు వేయాల్సి వచ్చింది, అంత ఎత్తయింది. ఇంటి నుంచి రైల్వే గేటు దాకా రెండు స్పీడ్ బ్రేకర్లు. మొదటి దాని మీద ఆమె కళ్లు మూసుకుంది. రెండో దాని మీద, "ఆపు," అంది.

దిగింది. ఆటో కోసం బండి వెనక్కి నడిచింది. అక్కడ ఆగిపోయింది. అప్పుడు నాకు సుద్ద రాత గుర్తొచ్చింది.

"ఈ పన్నెండు బస్తాలు ఎవరియి?"

"మేస్త్రి రాసిండు."

"మేస్త్రికి కల వచ్చిందా?"

నేను స్టీరింగ్ వైపు చూస్తూ కూర్చున్నాను. ఆమె డ్రైవర్ తలుపు దగ్గరికి వచ్చింది.

"ఈ బండి కొన్న సంది దీంట్ల ఎన్ని బస్తాలు ఎక్కినయ్?"

"మూడు."

"ఎప్పుడు?"

"మీ తమ్ముని పెండ్లికి."

"గవి అల్లం గాదు, బియ్యం. ఈ ఆరుగురు ఎవరు?"

ఆమెకు నా సంగతి తెలియక కాదు. పదెకరాలు, అల్లం లారీలు, అన్నీ విని నవ్వి ఊరుకునేది. ఈసారి నవ్వలేదు.

"నీ గొప్పలు హోటల్ల చెప్పుకుంటే నాకేం బాధ లేదయ్యా. గియ్యి తెచ్చి నా నడుము మీద ఏసినవ్. పన్నెండు బస్తాలు. పోయి దింపిరా."

ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

మరునాడు మేస్త్రి దగ్గరికి మధ్యాహ్నం వెళ్లాను, ఎండకు ఎవరూ ఉండరని. మంచం మీద ముందటికన్నా ఇద్దరు ఎక్కువే ఉన్నారు. మేస్త్రిని పక్కకు పిలిచాను. ఆయన రాలేదు. కొలిమి దగ్గరి నుంచే అడిగాడు.

"ఏమైంది పటేలా? ఇరిగిందా?"

"ఇరగలే. జర గట్టిగున్నది."

"బరువు ఏసినవా?"

"ఏసిన... అంటే, జర తక్కువ ఏసిన."

"ఎంత?"

"ఎనిమిది బస్తాలు."

మేస్త్రి సుద్దముక్క కోసం జేబు తడిమాడు. సుద్ద చూడగానే నా గొంతు తగ్గింది.

"నాలుగు అనుకో," అన్నాను.

"అనుకునుడు ఏంది పటేలా? నాలుగు అంటే నాలుగుకే కడత. మల్ల మూడోపారి వస్తవ్."

మంచం మీద ఒక లారీ డ్రైవరు చాయ్ గ్లాసు కింద పెట్టి నా వైపే చూస్తున్నాడు. బామ్మర్ది నా పక్కన నిలబడి చెప్పులతో మట్టి గీకుతున్నాడు. చేనులో ఆమె పీట కొట్టంలో తిరగేసి ఉంది. అందరికీ వినపడేలా చెప్పేశాను.

"బస్తాలు లేవు. కూలోళ్లు లేరు. నేను, మా ఇంటామె. రెండు గంపలు, ఖాళీయి. ఒక టిఫిన్ డబ్బా."

షెడ్డంతా నవ్వుతో కూలిపోతుందనుకున్నాను. అలా కూలిపోయిందనే తర్వాత హోటల్లో చెప్పాను కూడా. నిజంగా జరిగింది ఇంకా చిరాకు పుట్టించేది. ఎవరూ నవ్వలేదు. ఒక డ్రైవరు, "గట్ల ముందుగాల చెప్పేది ఉండె పెద్దాయనా," అని మళ్లీ గ్లాసు అందుకున్నాడు. పటేలా నుంచి పెద్దాయనాకు దిగడానికి ఒక్క చాయ్ గుక్క పట్టింది.

మేస్త్రి తడిగుడ్డతో నా పన్నెండు బస్తాలనూ ఆరుగురినీ తుడిచేశాడు. తర్వాత షెడ్డు వెనక్కి వెళ్లి, తాడుతో కట్టిన పట్టీల కట్టలు ఈడ్చుకొచ్చాడు. నా పాత కమాన్లు.

"ఇయ్యి పారేయలేదా?" అన్నాను.

"వస్తవని తెలుసు. పొయ్యినపారి కిందికెళ్లి చూసిన గదా. బరువు మోసే బండికి ఇరుసు మీది రబ్బరు దెబ్బలు తిని నలుగుతది. నీది కొత్తదాని లెక్క ఉండె."

"మరి చెప్పొద్దా?"

"పది మంది ముందట నువ్వు పన్నెండు అన్నవ్. నేను కాదంటే నీ ఇజ్జత్ ఏం గావాలె?"

ఇది విన్నాక నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో అర్థం కాలేదు. నా ఇజ్జత్ కాపాడటం కోసం ఆయన పదిహేను రోజులు నా పళ్లు రాలగొట్టాడు.

"పాతవాటికి ఉన్న రోగం ఏందంటే," అని ఆయనే చెప్పుకుపోయాడు. "పట్టీల నడుమ తుప్పు పట్టి అన్ని ఒక్కటే ముద్దయినయ్. పట్టీ మీద పట్టీ జారితేనే కమాన్ వంగుతది. నీకు మందం పట్టీలు నాలుగు కాదు, సన్నం పట్టీలు ఆరు గావాలె. సన్నవి మంచిగ వంగుతయ్. అంచులు గుండ్రం జేస్త, తుప్పు గీకి గ్రీజు పెడత. క్లిప్పులు గూడ గింత బిగించొద్దు, ఊపిరి ఆడనియ్యాలె. రేపు ఆమెను తీసుకరా."

"ఆమె ఎందుకు?"

"బరువు చెప్పుడు నీతోని అయ్యేటట్టు లేదు. బండ్లె కూసోపెట్టి చూస్త."

ఆమెను ఒప్పించడం ఎలాగని రాత్రంతా ఆలోచించాను. పావుగంట ఆలోచించి నిద్రపోయాను. పొద్దున చెప్తే ఆమె వెంటనే చీర మార్చుకుంది. ఆటోలో, ఒళ్లో టిఫిన్ డబ్బా, పక్కన రెండు గంపలు. బరువంటే బరువే అని అన్నీ తెచ్చింది. డబ్బాలో పప్పుచారు కూడా పోసుకొచ్చింది.

మేస్త్రి ఆమెను చూసి, "రా అమ్మా," అని తనే స్టూలు వేశాడు. సన్నం పట్టీల కమాన్లు అప్పటికే బిగించి, షాకప్సర్లు విప్పి ఉంచాడు. మేమిద్దరం ముందు సీట్లలో కూర్చున్నాం. ఆయనా బామ్మర్దీ కలిసి వెనక ఒక చక్రం కింద మందపాటి చెక్కదిమ్మలు పేర్చి బండిని ఎక్కించారు. రెండో చక్రం కింద నేల తవ్విన గుంత ఉంది. గండి దగ్గర ఉన్నట్టే బండి ఒరిగింది. మంచం మీది డ్రైవర్లందరూ లేచి వచ్చారు.

"ఏందయ్యా, నన్ను తెచ్చి గుట్ట మీద కూసోపెట్టినవ్," అంది ఆమె, డబ్బా రెండు చేతులతో పట్టుకుని.

"కదలకమ్మా, కొలత తప్పుతది," అని కింద నుంచి మేస్త్రి గొంతు.

ఆయన దారం పట్టుకుని షాకప్సర్ బిగించే చోట పై నుంచి కింది దాకా కొలిచాడు. ఎక్కిన వైపు ఎంత తగ్గింది, దిగిన వైపు ఎంత సాగింది. రెండు ముడులు వేశాడు. బామ్మర్ది గర్వంగా తన గ్యాస్ షాకప్సర్ అందించాడు. మేస్త్రి దాన్ని పొట్టి ముడి పక్కన పెట్టి చూపించాడు.

"బండి కూసున్నప్పుడు ఇది లోపలికి పొయ్యే జాగ ఉన్నదా? ఇరుసు తగిలే కన్నా ముందుగాల ఇదే గుద్దుకుంటది. ఆ దెబ్బ ఆమె నడుములకు పోతది."

తర్వాత మా పాతవి పొడుగు ముడి పక్కన పెట్టాడు. అవి సగంలోనే ఆగిపోయాయి. చక్రం ఇంకా దిగుదామన్నా అవి పట్టుకుని వేలాడదీస్తున్నాయట. మాకు కావలసింది రెంటికీ నడిమిది, అదీ మెత్తది. తేలిక బండికి మెత్తదే సరిపోతుందని చెప్పి, ఏ బండిది సరిపోతుందో ఒక కాగితం ముక్క మీద రాసిచ్చాడు. బామ్మర్ది ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, సాయంత్రానికి అవే తెచ్చి బిగింపించాడు. ఆ రోజంతా అతను ఫోను తీయలేదు.

వచ్చేముందు మేస్త్రి సుద్దముక్క తీశాడు. ఈసారి నన్ను అడగలేదు, ఆమెను అడిగాడు. ఆమె చెప్తుంటే రాశాడు: ఇద్దరు, రెండు గంపలు, ఒక డబ్బా.

విత్తనం ఏరే రోజు పొద్దున గండి దగ్గరికి రాగానే మొదటి గేరులో వేశాను. ఆమె డబ్బాను ఒళ్లో సర్దుకుని, "నిమ్మలంగ పో," అంది. ముందు ఎడమ చక్రం దిగింది. కమాన్లు కిర్రుమన్నాయి. బండి మా కింద మెల్లగా నడుము తిప్పినట్టు తిరిగింది. దభీమన్న చప్పుడు కోసం చూశాను. రాలేదు. వెనక మోటారు సైకిలు మీద వస్తున్న బామ్మర్ది, నాలుగు చక్రాలూ నేల మీదే ఉన్నాయని అరిచాడు. తర్వాత దగ్గరికొచ్చి, వెనక కుడిది రెండు వేళ్లు లేచిందని మెల్లగా చెప్పాడు. అతను తగ్గించి చెప్పడం నేను వినడం అదే మొదటిసారి.

ఆమె డబ్బా మూత తీసి చూసింది. చారు మూతకు అంటింది కానీ పొర్లలేదు. మూత పెట్టి, "పోనియ్యి, ఎండెక్కుతున్నది," అంది. ఈ ఎండాకాలమంతా నేను పడ్డ పాట్లకు నాకు దక్కిన మెప్పు అంతే.

కొట్టంలో పీట వేసి కూర్చుంది. పొద్దు వాలే దాకా లేవలేదు. నేను కూడా సాయం చేద్దామని ఒక గడ్డ ఏరి కుప్పలో వేశాను. ఆమె దాన్ని తీసి, విరిచి, వాసన చూసి నా ముక్కు దగ్గర పెట్టింది. నాకేమీ తెలియలేదు. పక్కకు పారేసింది. ఆడవాళ్లు నవ్వారు.

తిరిగి వచ్చేటప్పుడు కౌలుదారు రెండు బస్తాలు మోయించుకుని బండి దగ్గరికి వచ్చాడు.

"పటేలా, ఈ రెండు విత్తనం బస్తాలు రోడ్డు దాక నీ జీపుల ఏస్త. కొత్త కమాన్లట గదా."

పటేలా అన్నాడు. నా నోరు దానంతటదే తెరుచుకుంది. "రెండేంది, నాలుగు..." దాకా వచ్చింది. ఆమె అప్పటికే ముందు సీట్లో కూర్చుని ఉంది. మెడ బయటికి పెట్టి, చేత్తో బండి వెనక తలుపు చూపించింది. కౌలుదారు చదివాడు. నా వైపు చూశాడు. బస్తాలు మళ్లీ తన ట్రాక్టరు వైపు మోయించాడు.

సుద్ద రాత వానకు పోతుందని ఎదురుచూశాను. మొదటి వానకు పోయింది. మరునాడు ఆమె ఇంట్లోంచి సుద్ద తెచ్చి మళ్లీ రాసింది. ఇప్పుడు నా జీపులో నేను ఒక గుమ్మడికాయ ఎక్కించాలన్నా ఆమెను అడగాలి. నిన్ననే అడిగాను. చిన్నదైతే సరే అంది.